పరాయి వాన

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అక్కడితో ఆగిపోయారు. కట్టిన ఇంటిని ఏటికేడు నిలబెట్టుకుంటూ చూడు అన్న మాట ఎందుకో వాళ్ళకు తోచలేదు. తోచాల్సినవాళ్ళు బహుశా ఆ పూట ఎండలో మిద్దెల మీద ఉండి ఉంటారు.

గురజాలలో వైశాఖం వచ్చిందంటే వీధుల్లోకి చౌడు బళ్ళు వచ్చేవి. ఊరి బయట గడ్డిపరక కూడా మొలవని తెల్లటి నేల ఉండేది. దున్నితే పండదు, వదిలేస్తే గొడ్డు మేయదు. మిద్దె మీదికి మాత్రం ఆ మట్టే బంగారం. పల్నాటి మిద్దె అంటే రాతి గోడలు, వాటి మీద దూలం, దూలం మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద నాపబండలు, బండల మీద మట్టి, అన్నిటికన్నా పైన బెత్తెడు మందాన చౌడు. తొలి వానకు అది మెత్తబడి, సాగి, ఉన్న పగుళ్ళన్నీ మూసేస్తుంది. వానాకాలమంతా కొంచెం కొంచెంగా తూములోంచి కొట్టుకుపోతుంది కాబట్టి మరుసటి వైశాఖంలో మళ్ళీ పోయాలి. ఒక ఏడు బద్ధకించినవాళ్ళ ఇంట్లో శ్రావణమాసంలో గిన్నెలన్నీ కారే చోట్ల కిందే ఉంటాయి, వండుకోవడానికి ఒక్కటి మిగలదు.

పోయడమంటే ఊరికే గంపలు బోర్లించడం కాదు. మిద్దె మీద మొలిచిన గడ్డిని ముందు వేళ్ళతో సహా పీకాలి. పైపైన తెంపితే లోపలి వేరు కుళ్ళి ఆ దారినే నీళ్ళు దిగుతాయి. ఎలుక బొరియలుంటే బంకమట్టి కూరాలి. తూము వైపుకి వాటం పెట్టి చౌడు పరిచి, తొక్కాలి. ఇదంతా అయ్యాక ఇంకో కట్టుబాటు ఉంది. చౌడు పోసిన మనిషి ఆ మిద్దె మీద ఒక వాన పడటం చూసేదాకా ఊరు దాటకూడదు. ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. దాటకూడదంతే.

సాయిబుల వీధిలో సుభానీ ఈ పనికి పెట్టింది పేరు. తొలి వాన పడుతుంటే తాను చౌడు పోసిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటిగా తిరిగొచ్చేవాడు. లోపలికొచ్చి, ఎక్కడైనా కారుతోందేమోనని పైకి చూసి, "ఉరవట్లేదుగా పిన్నీ" అని నవ్వి పక్కింటికి పోయేవాడు. ఇంటికి చేరేసరికి తడిసి ముద్దయ్యేవాడు. ఊళ్ళో మిద్దెలన్నీ పొడిగా ఉన్నాయి, నా మొగుడొక్కడే తడిశాడు అని అతని పెళ్ళాం అబిద తల తుడుస్తూ తిట్టేది. తిడుతున్నా ఆ పూట ఆమెకు లోపల గర్వంగానే ఉండేది.

యుద్ధం ఎక్కడో జరుగుతుంటే ఇక్కడ కట్టుబడి పనులు ఆగిపోయాయి. కిరసనాయిలు దొరకదు, ఇనుము దొరకదు, కొత్త గోడ లేపే ధైర్యం ఎవరికీ లేదు. నరసరావుపేటలో పట్టాళంలోకి తాపీపని తెలిసినవాళ్ళను తీసుకుంటున్నారని విని సుభానీ వెళ్ళి పేరు రాయించుకొచ్చాడు. తుపాకి పట్టే పని కాదట, రోడ్లు వేసే పనట. ఊరందరి మిద్దెలూ అయ్యాక ఆఖరున తన మిద్దె పోసుకోవడం అతని అలవాటు. ఆ ఏడు తన మిద్దె పని ముగిసేసరికి తెల్లారితే ప్రయాణం.

"ఒక్క వాన పడనియ్యిరా," అంది తల్లి జాన్‌బీ. "వాన చూడకుండా పోతానంటావేంది?"

"రోహిణి ఎండలమ్మా ఇయ్యి. వాన ఎప్పుడు పడుద్దో ఎవరికెరిక? అందాకా రైలు నాకోసం ఆగుద్దా?"

పక్కింటి ఆదిలక్ష్మమ్మ గోడ మీదుగా తలెత్తింది. "ఒరేయ్ సుభానీ, మీ నాయన ఉంటే నిన్ను గడప దాటనిచ్చేవాడు కాదురా."

"చెంబుతో నీళ్ళు చల్లిపోతాలే అత్తా. వానే పడ్డదనుకుంటది మిద్దె," అని నవ్వాడు సుభానీ.

అన్నంత పనీ చేశాడు. చెంబు పట్టుకుని పైకెక్కి, పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు చల్లి దిగాడు. పనివాడికి పని మీద చనువు ఎక్కువైతే ఇట్లాంటి తెలివే పుడుతుంది. అబిద జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి మూట కట్టి ఇచ్చింది. అతను నడికుడిలో రైలెక్కాడు.

ఆ వానాకాలం మిద్దె ఒక్క బొట్టు ఉరవలేదు. సుభానీ మోసం సాగిందనే అందరూ అనుకున్నారు. చలి పోయి ఎండ ముదిరింది. ఊళ్ళో మిరపకాయలు ఆరబోసుకునే రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం జాన్‌బీ చాటలో కందులు చెరుగుతుంటే చేతి మీద నీటిబొట్టు పడింది. బల్లి అనుకుని పైకి చూసింది. నుదుటి మీద ఇంకో బొట్టు పడింది.

అబిద పోయి కృపాదానాన్ని పిలుచుకొచ్చింది. అతను సుభానీతో కలిసి ఇరవై ఊళ్ళు తిరిగి పనిచేసినవాడు. నిచ్చెన వేసుకుని పైకెక్కి, అటూ ఇటూ తిరిగి, దిగొచ్చాడు.

"పైన ఆదిలక్ష్మమ్మగారి మిరపకాయలు గలగలలాడతన్నయ్యి," అన్నాడు. తర్వాత లోపలికొచ్చి కారే చోట అరచెయ్యి పట్టి, ఆ నీళ్ళు నాలుక మీద వేసుకున్నాడు. "ఇది మన వాన కాదు అబిదమ్మా. కుళ్ళిన ఆకు వాసనేస్తంది. అడివి వాన."

"ఆయనదేనా?" అంది అబిద.

"ఇంకెవరిది? వాన చూడకుండా పోయాడుగా. మిద్దె వాడెమ్మటే పోయింది. ఇన్నాళ్ళూ ఏ కప్పు కిందో ఉండుంటాడు. ఇప్పుడు వాడి నెత్తిన పడ్డది ఇక్కడ పడుద్ది."

ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. వెనకటికి మాచర్ల వైపు ఒకడు ఇట్లాగే చౌడు పోసి, కూలి ఎక్కువ వస్తుందని ఏరు దాటి నైజాంలోకి పోతే, ఇక్కడ ఆ ఇంటివాళ్ళు రెండు కార్తెలు వరంగల్లు వానలో తడిశారు. అందరికీ తెలిసిన సంగతే. మందు కూడా తెలిసిందే.

"ఆ చౌడంతా చెక్కేసి ఇంకో చెయ్యి పోస్తే ఆగిపోద్ది," అన్నాడు కృపాదానం. "రేపొచ్చి నేను పోస్తా."

జాన్‌బీ అప్పటికే ఆ చినుకు కింద రాగిచెంబు పెట్టింది. అందులో టప్పుటప్పున పడుతున్న చప్పుడు అబిద వింది. పట్టాళం నుంచి కబురు వచ్చి ఎన్నాళ్ళో అయింది. ఎక్కడున్నాడో చెప్పనివ్వరట, చెప్పినా ఆ పేర్లు ఇక్కడ ఎవరికీ తెలియవు. ఇప్పుడు ఆ మనిషి ఎక్కడో వానలో నడుస్తున్నాడని, ఈ నిమిషాన నడుస్తున్నాడని, చెంబు చెబుతోంది.

"ఒద్దన్నా," అంది. "ఉండనీ."

అప్పటినుంచి ఆ ఇంటి బతుకు చినుకు చుట్టూ తిరిగింది. తెల్లారగానే పొయ్యి దగ్గర మొదలైతే, పనిలోకి దిగాడన్నమాట. తలుపు దగ్గరికి జరిగితే, ఎటో నడుస్తున్నాడు. ఠక్కున ఆగితే ఏ చెట్టు కిందికో గుడారంలోకో చేరాడు. జాన్‌బీ ఆ నీళ్ళతోనే వజూకు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కుని నమాజుకు కూర్చునేది. పల్నాటి బావుల్లో నీళ్ళు సున్నపు నీళ్ళు, కందిపప్పు పొద్దంతా ఉడికినా పలుకుగానే ఉంటుంది. అందుకని వీధిలో ఆడవాళ్ళు చెంబులు తెచ్చుకుని, "మీవాడి వాన ఒక చెంబుడు పొయ్యి అబిదా, ఇవ్వాళ చుట్టాలొచ్చారు" అని పట్టుకుపోయేవాళ్ళు. ఆ నీళ్ళకు పప్పు వెన్నలా ఉడికేది.

ఒకటి మాత్రం అబిదకు అర్థమయ్యేది కాదు. కొన్ని సాయంత్రాలు చినుకు ఆగిపోయి, ఇంక కప్పు కిందికి చేరాడులే అనుకున్నాక, మళ్ళీ పడేది. నట్టింట్లో ఒక్కచోటే, కదలకుండా, కాసేపు పడి ఆగేది. మనిషి పనీపాటా లేకుండా వానలోకొచ్చి నిలబడ్డట్టు ఉండేది.

"లోపలికి పోవయ్యా," అని పైకి చూసి కసిరేది. "జరమొస్తే చూసేదెవరు అక్కడ?"

కసిరినా, ఆ కాసేపూ ఆమె చెంబు పక్కనే కూర్చునేది. ఆ పూట పొయ్యి మీద ఏది ఉంటే అది మాడేది.

వైశాఖం వచ్చింది. వీధిలో అందరి మిద్దెలకూ చౌడు పోశారు, ఈ మిద్దెకు తప్ప. ఇంకో చెయ్యి పడితే సుభానీ వాన ఆగిపోతుంది. అందుకని అబిద పోయనివ్వలేదు. దాంతో ఆ ఏడు మిద్దె మీద ఊరి వానా పడింది, పరాయి వానా పడింది. రెండు వానలు మోసే మిద్దెను ఎవరు కట్టారు గనక? నీళ్ళు దంతెల వెంట పాకి దూలంలోకి దిగాయి. ముందు మచ్చ పడింది, తర్వాత నలుపెక్కింది, తర్వాత పుట్టగొడుగులు లేచాయి.

కృపాదానం గునపం మొన ఆనించి నొక్కి చూశాడు. తడిసిన బెల్లంలోకి దిగినట్టు దిగింది.

"ఇది పోయింది అబిదమ్మా. పడేటప్పుడు చెప్పి పడదు. ముసలామె మంచం సరిగ్గా దీని కిందే ఉంది."

"నిట్టాడు పెట్టు అన్నా. కొన్నాళ్ళు మోస్తది."

"పెడతా. ఎన్నాళ్ళు? పైన నీళ్ళు ఆపకుండా కింద ఎన్ని గుంజలు నిలబెడితే ఏం లాభం?" జాన్‌బీ వైపు తిరిగాడు. "మంచమన్నా అవతలికి జరుపుకోమ్మా."

"జరపను," అంది జాన్‌బీ. "నా కొడుకు వాన నా మీదే పడాల."

ఆదిలక్ష్మమ్మ ఊరుకోలేదు. గోడ దగ్గర మొదలుపెట్టి ఇంట్లోకొచ్చి మరీ తిట్టింది. "ఏమే అబిదా, వాడు తిరిగొచ్చేసరికి ఇల్లుండొద్దంటే? చినుకులు చూసుకుంటా కూర్చుంటే కొంప కూలుద్ది. ముసలిదాన్ని చంపుకుంటావా ఏంది?"

"చినుకు ఆగిపోతే, ఆయన ఉన్నాడో లేడో ఎవరు చెప్తారు పిన్నీ?" అంది అబిద. "నువ్వు చెప్తావా?"

ఇంటి కప్పా, మొగుడి కబురా అంటే ఏ ఆడది మాత్రం ఏం చెబుతుంది? కృపాదానం ఒక తుమ్మ గుంజ తెచ్చి దూలం కింద నిలబెట్టి, మేకు కొట్టి వెళ్ళాడు. ప్రతి వానకూ ఆ గుంజ కొంచెం నేలలోకి దిగేది. అబిద రాత్రులు దూలం వైపు చూస్తూ పడుకునేది, పగళ్ళు చెంబు వైపు చూస్తూ కూర్చునేది. భయం రెండు వైపులా ఉంది, ఏ వైపు తిరిగినా అదే.

మరుసటి వైశాఖంలో, ఊరంతా ఎండకు మాడుతున్నప్పుడు, ఒక ఉదయం చినుకు మొదలైంది. పొయ్యికీ మంచానికీ మధ్య పడింది. మొదట సంతోషించారు, చాన్నాళ్ళ తర్వాత గట్టిగా పడుతోందని. చెంబు నిండితే తపేలా పెట్టారు. తపేలా నిండితే వీధివాళ్ళు బిందెలు తెచ్చుకున్నారు. సాయంత్రమైనా ఆగలేదు. తెల్లారినా ఆగలేదు. మళ్ళీ పొద్దుగూకింది.

ఎన్ని గిన్నెలు మార్చినా, పెట్టే చోటు మారలేదు.

"అబిదా," అంది జాన్‌బీ మంచం మీంచి. "ఇది కదలట్లేదే."

"కాపలాకి నిలబెట్టారేమో అత్తా."

"కాపలావోడైనా కాలు మార్చుకుంటాడు. పనిచేసేవోడు కదులుతాడు. నిద్రొస్తే కప్పు కిందికి పోతాడు. గొడ్డు కూడా చెట్టు కిందికి పోద్దే. ఇది ఏందే, పడ్డచోటే పడతంది?"

ఆ ఆలోచన అబిదకు ముందురోజే వచ్చింది. వచ్చిన దాన్ని లోపలికి రానివ్వకుండా తలుపు పట్టుకుని నిలబడింది. అత్త నోటి వెంట వినేసరికి చేతులు వదిలేశాయి. ఎక్కడో దిక్కులేని చోట సుభానీ ఆరుబయట పడి ఉన్నాడు, ఎవరూ ఎత్తలేదు, ఎవరూ కప్పలేదు, వాన పడుతూనే ఉంది. ఆమె ఏడవలేదు. ఏడుపు తర్వాత ఎప్పుడైనా ఏడవచ్చు. వాన ఇప్పుడు పడుతోంది.

అక్కడ పడింది ఇక్కడ పడుతున్నప్పుడు, ఇక్కడ ఆపితే అక్కడ ఆగదా?

ఎండ ఎక్కకముందే కృపాదానం గుడిసె దగ్గరికి పోయింది. "అన్నా, చౌడు బండి తోలించు. దూలానికి మనుషుల్ని చూడు."

అతను ఆమె ముఖం చూసి సంగతి గ్రహించాడు. "సరేనమ్మా. నేనే పోస్తా."

"వద్దు. నువ్వు కింద నిలబడి చెప్పు. పోసేది నేను," అంది అబిద. "పోయినవోణ్ణి కప్పేది ఇంటోళ్ళే కప్పాలన్నా. పరాయి చెయ్యి వద్దు."

ముందు కొత్త దూలం ఎత్తారు. పాతదాని పక్కనే తుమ్మ దూలం ఎక్కించి, గోడల్లో రాళ్ళు బిగించారు. ఎత్తినవాళ్ళంతా సుభానీ వానలో తడుస్తూనే ఎత్తారు. ఎవరూ తల తుడుచుకోలేదు.

ఆ వీధి ఆడవాళ్ళు పట్టపగలు మిద్దెలెక్కి పనిచెయ్యరు. అబిద కొంగు బిగించి నిచ్చెనెక్కింది. కృపాదానం నిచ్చెన పట్టుకుని కిందినుంచి చెబుతూ పోయాడు. పాత చౌడు చెక్కెయ్యమ్మా. గడ్డి వేళ్ళతో సహా పీకు, తెంపబాకు. ఆ బొరియలో మట్టి కూరు. వాటం తూము వైపుకి రావాల, చెయ్యి ఆనించి చూడు. ఆదిలక్ష్మమ్మ, ఎప్పుడూ తిట్టేదే, ఆ రోజు గంపలు అందించింది. పరిచిన చౌడు మీద అబిద అటూ ఇటూ తొక్కుతూ తిరిగింది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. చౌడు పరుచుకుంటూ పోయేకొద్దీ తాను పైన నడుస్తున్నది మిద్దె మీద కాదనిపించింది, అయినా ఆగలేదు.

పొద్దు వాలే వేళకు కిందినుంచి జాన్‌బీ కేక వినబడింది. "ఆగిందే అబిదా."

అబిద చేతిలో గంప అక్కడే వదిలేసి దిగింది. తపేలాలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. జాన్‌బీ కొడుకు కోసం దువా చేసింది. అబిద గాజులు తీసి గూట్లో పెట్టింది. దసరా దాటాక, జ్వరంతో పోయాడని సర్కారు నుంచి కబురు వచ్చింది. అప్పటికి వీధి వీధంతటికీ పాతబడిన సంగతి. సర్కారువాళ్ళకు మిద్దెల గురించి ఏం తెలుసు పాపం.

ఇల్లు మాత్రం నిలబడింది. ఆ వానాకాలం గోడల వెంట అక్కడక్కడా చెమ్మ దిగింది గానీ, నట్టింట్లో చినుకు పడలేదు. చినుకు పడని ఇంట్లో అబిదకు నిద్ర పట్టేది కాదు.

మళ్ళీ ఎండలు వచ్చాక, చౌడు బళ్ళు ఇంకా మొదలవకముందు, ఒక సాయంత్రం ఎవరో కుర్రాడు వీధిలో సుభానీ ఇల్లేదని అడుగుతూ వచ్చాడు. శావల్యాపురం రైతుల బిడ్డ, పేరు త్రికోటేశ్వరరావు. పట్టాళంలో సుభానీతో కలిసి పనిచేశాడు. రోగం వల్ల పనికిరాడని ఇంటికి పంపేశారు. బుగ్గలు లోపలికి పోయాయి, రెండు మాటలకోసారి దగ్గుతున్నాడు. లోపలికొచ్చి కూర్చోగానే తలెత్తి పైకప్పును చూశాడు. దూలం నుంచి గోడల దాకా చూశాడు.

"ఇదేనా," అన్నాడు.

అబిద నీళ్ళిచ్చింది. అతను తాగి, జాన్‌బీ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"సుభానీ అన్నకి ఒక పిచ్చుండేదమ్మా," అన్నాడు. "పొద్దుగూకి పని దిగాక మేమంతా గుడారంలో చేరతామా, ఈయన బయటికి పోయి వానలో నిలబడేవాడు. ఏందన్నా అంటే, ఇంటికి కబురు పంపతన్నా అనేవాడు."

అబిద గ్లాసు కింద పెట్టి అతని వైపు తిరిగింది.

"నేను తడుస్తన్నానంటే మావోళ్ళింకా వింటన్నట్టేరా అనేవాడు వదినా. ఇంకో చేత్తో పోయించుకుంటే నా మీద పడదంట. పడతన్నందుకు మురిసేవాడు, మళ్ళా పడతన్నందుకే తిట్టేవాడు. దూలం పోద్ది, మాయమ్మ మంచం దాని కిందే, బాగు చేయించుకోకుండా ఏం చేస్తన్నారో అని."

ఆమె ఇక్కడ చినుకు కోసం మిద్దె పాడుపెట్టుకుంది. అతను అక్కడ ఆమె కోసం తడిశాడు. ఆ జ్వరం ఎక్కడ పుట్టిందో అబిదకు ఇప్పుడు తెలిసింది. మొదటి ఏడే కృపాదానం చేత పోయించి ఉంటే, ఆ మనిషి నెత్తిన చినుకు పడేది కాదు. కబురు తెలిసేది కాదు, అంతే. కబురు లేకుండా బతికిన మొగుళ్ళు లోకంలో ఎంతమంది లేరు?

"ఆఖరున ఏమైంది బాబూ?" అంది జాన్‌బీ.

"కొండలో రోడ్డు తెగిపోయిందమ్మా. జరాలోళ్ళం చానామందిమి. లారీ వస్తదని రోడ్డు పక్కన పడుకోబెట్టారు. లారీ రాలా. వాన ఆగలా. పక్కనోళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోతన్నారు. సుభానీ అన్న లేవలేకపోయాడు. అట్లాగే పడున్నాం. అప్పుడొక సాయంత్రం ఆయన మీద వాన ఆగింది."

"ఆయన మీదనా?"

"ఒక గదంత మేర వదినా. చుట్టూరా కుమ్మరిస్తంది, అక్కడ మటుకు పడట్లా. నేల పొడిబారింది. నేను అవతల బురదలో ఉన్నా. పాక్కుంటా ఆ పొడిలోకొచ్చి పడ్డా. ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఆ పొడిలో ఆరిన పుల్లలు ఏరి నిప్పేసుకున్నాం. లారీ వచ్చేదాకా దానితోనే బతికాం. అది లేకపోతే మా అమ్మ ఇవ్వాళ నాకు అన్నం పెట్టేది కాదు."

అబిద గోడకు ఆనుకుంది. అడగాల్సింది ఒక్కటే ఉంది. చివరికి అడిగింది. "అప్పటికి ఆయన..."

"ఉన్నాడు వదినా. తెలివిగానే ఉన్నాడు. మాట్లాడాడు."

"నేను పోయాడనుకున్నా," అంది అబిద. "పోయాడనుకునే పోశా. బతికున్న మనిషిని కప్పేశానా నేను?"

జాన్‌బీ మంచం మీంచి చెయ్యి చాచి కోడలి జబ్బ పట్టుకుంది. కుర్రాడు కంగారుపడ్డాడు.

"అట్లా అనబాక వదినా. ఆయన అట్లా అనుకోలా. పైకి చూసి నవ్వాడు. 'పోశార్రా' అన్నాడు. 'ఇంక దూలానికి భయం లేదు' అన్నాడు. కాసేపటికి ఆ పొడి అంచులెమ్మటి చినుకులు కారతంటే అటే చూస్తా పడుకున్నాడు. 'ఇది కృపాదానం చెయ్యి కాదురా' అన్నాడు. 'కొత్త చెయ్యి. అంచులు తొక్కకుండానే దిగింది. మాయావిడే ఎక్కింది' అన్నాడు."

కుర్రాడు దగ్గి, ఊపిరి తీసుకున్నాడు.

"నువ్వు బతికి ఊరికి పోతే ఆవిడకి చెప్పు అన్నాడు. గోడ పక్కన చౌడు మీద నీళ్ళు చల్లి, మడమతో తొక్కాలంట. పాదంతో కాదు, మడమతో. లేకపోతే గోడెమ్మటి దిగుద్దంట. మర్చిపోతానేమోనని నా చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు."

"ఇంకేం చెప్పలా?" అంది జాన్‌బీ. "నన్ను అడగలా?"

"ఇంకేం చెప్పలామ్మా. తెల్లారేసరికి పోయాడు. ఆ పొడినేలలోనే గొయ్యి తీశాం. ఆయన్ని తడి మట్టిలో పెట్టలా."

అబిద గోడల కేసి చూసింది. కప్పు కలిసేచోట నాలుగు వైపులా చెమ్మ చారలు దిగి ఉన్నాయి. ఏడాదిగా రోజూ చూస్తున్నవే. ఆ చారలనే సుభానీ అక్కడ చూశాడు. జ్వరంలో, కొండల్లో, చావు దగ్గర పడుకుని, ఆమె చేతిపని చూసి ఆమెను గుర్తుపట్టాడు. ఏడాది కింద ఏడవని ఏడుపంతా అప్పుడు వచ్చింది. నోట్లో కొంగు కుక్కుకుని, నేల మీద కూలబడి ఏడ్చింది. కుర్రాడు తల వంచుకుని కూర్చున్నాడు. జాన్‌బీ ఊరుకోమనలేదు.

కొంతసేపటికి అబిద లేచింది. ముఖం కడుక్కోకుండానే బిందె చంకన పెట్టుకుని నిచ్చెనెక్కింది. పిట్టగోడ మొదట్లో నీళ్ళు చల్లి, మడమ ఆనించి, బరువంతా దాని మీద వేసి తొక్కింది. అడుగు జరిపి మళ్ళీ తొక్కింది. తూర్పు గోడ అయి, దక్షిణం గోడ అయి, పడమటి గోడ దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతోంది. ఆదిలక్ష్మమ్మ తన మిద్దె మీది వడియాలు ఎత్తుకుంటూ ఇటు చూసి, పలకరించకుండా దిగిపోయింది.

"ఇట్లాగేనా?" అంది అబిద. "ఇంత తొక్కితే చాలా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ ఏడు మిద్దె మాత్రం ఏ మూలా ఉరవలేదు.